వేచియుండగల శక్తి



సంపన్నదేశములకును, సంపన్నతకై ఎదుగుచున్న దేశములకును నడుమ గల ఆర్థిక పరస్పరాశ్రయమును గూర్చి నేడు ప్రసంగింపవలసియున్నది. విషయము మిక్కిలి విశాలమైనది. దానిని కేవలము సిద్ధాంతరూపమున చెప్పబూనినచో వినువారికి శ్రమయే మిగులును. కావున నెల్లూరు మొదలు శ్రీకాకుళము వరకు మన తెలుగు సముద్రతీరమున వ్యాపించియున్న రొయ్యల చెరువులను ఆధారముగా గొని, ఆ చెరువుగట్టుపై నిలిచి చూచినప్పుడు ఈ పరస్పరాశ్రయము ఎట్టి రూపమున కానవచ్చునో చెప్ప యత్నించెదను.

2024-25వ ఆర్థిక సంవత్సరమున భారతదేశమునుండి ఎగుమతియైన సముద్రోత్పత్తుల విలువ 62,408 కోట్ల రూపాయలు. అందు మూడింట రెండువంతులకు మించిన భాగము శీతలీకరించిన రొయ్యలదే. ఆ రొయ్యల బరువు 7,41,529 టన్నులు కాగా, అందు 3,11,948 టన్నులను ఒక్క అమెరికా సంయుక్తరాష్ట్రములే కొన్నవి. మన దేశమున సాగగు రొయ్యలలో నూటికి 70 పాళ్లకు పైగా ఆంధ్రప్రదేశముననే పండుచున్నవి. ఇక ఆవలి యొడ్డును చూతము. అమెరికా ప్రజలు అన్నిటికంటె మక్కువతో భుజించు జలచరము రొయ్యయే. సాలుకు మనిషికి సగటున రెండు కిలోలకు మించి తినుదురు. అందు నూటికి 90 పాళ్లకు పైగా పరదేశములనుండి తెప్పించుకొన్నదే. ఈ అంకెలను ప్రక్కప్రక్కన నిలిపి చూచువారికి, వారికి ఆహారమును, మనకు డాలర్లును కావలసియున్నవి గనుక ఇరువురి అవసరములును సరిసమానముగా అమరినట్లు తోచును. అది సగము నిజము. అవసరము ఇరువైపుల నున్నమాట వాస్తవమే. కాని ఆ అవసరము తీరునంతవరకు వేచియుండగల శక్తి ఇరువైపుల సమానముగా లేదు. నా ప్రసంగమంతయు ఈ ఒక్క భేదమును గూర్చియే.

ముందుగా ఈ బంధము ఎంత లోతైనదో చెప్పవలెను. మన చెరువులలో నేడు పెరుగుచున్న వనామీ రొయ్య బంగాళాఖాతమున పుట్టినది కాదు. మెక్సికో మొదలు పెరూ వరకు గల పసిఫిక్ మహాసముద్రపు తూర్పుతీరము దాని జన్మస్థానము. మనవారు తొలుత చెరువులలో విస్తారముగా పెంచినది టైగర్ రొయ్య. 1990 ప్రాంతమున నెల్లూరు, కృష్ణా, గోదావరి జిల్లాలలో చౌడునేలలును, వానితోబాటు మంచి వరిచేలును చూచుచుండగనే చెరువులుగా మారుటకు కారణమైనది ఆ రొయ్యయే. 1994-95 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు వచ్చినది. అది సోకిన చెరువు వారము పది దినములలో శూన్యమగుచుండెను. ఆ దెబ్బనుండి తేరుకొనకమునుపే, 1996 డిసెంబరు 11న, సర్వోన్నత న్యాయస్థానము తీరప్రాంతపు మంచినీటికిని, పంటభూములకును కలుగుచున్న హానిని గుర్తించి, తీరనియంత్రణ మండలమున సంప్రదాయరీతికి చెందని రొయ్యల చెరువులను నిషేధించుచు తీర్పు నిచ్చినది. 2005లో పార్లమెంటు ప్రత్యేకశాసనమును చేసిన పిదపగాని ఈ వృత్తికి చట్టబద్ధమైన ఆధారము కుదురుకొనలేదు. అటుపిమ్మట, 2009లో, నిర్దిష్టరోగములు లేనివని ధ్రువపడిన వనామీ తల్లిరొయ్యలను విదేశములనుండి తెప్పించుకొనుటకు కేంద్రప్రభుత్వము అనుమతి నొసగినది.

అట్టి రోగరహితమైన రొయ్యవంశమును సిద్ధపరచినవారు అమెరికా పరిశోధకులు. 1990 ప్రాంతమున, ఆ దేశపు ప్రభుత్వధనముతో, ప్రధానముగా హవాయి ద్వీపములలో ఆ కృషి జరిగినది. స్వదేశమున రొయ్యలసాగును వృద్ధిచేసికొనవలెననునదే వారి ఉద్దేశము. ఆ సాగు అక్కడ పెద్దగా వేళ్లూనలేదు. ఆ విద్య మాత్రము మహాసముద్రమును దాటి ఆసియా తీరములకు చేరి, థాయిలాండులోను, వియత్నాములోను, తుదకు మన గోదావరీ తీరమునను లక్షలాది కుటుంబములకు జీవనాధారమైనది. నేటికిని ఫ్లోరిడానుండియు, హవాయినుండియు తల్లిరొయ్యలు విమానములలో చెన్నైకి వచ్చి, నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రమున పరీక్షలు ముగించుకొని, ఆ మీదటనే మన హేచరీలకు చేరుచున్నవి. తల్లిరొయ్య పిల్లలనిచ్చు శక్తి కొన్ని నెలలలోనే సన్నగిల్లును గావున క్రొత్తవి మరల మరల రావలసియుండును. విశాఖతీరమున బంగారమ్మపేటయందు తల్లిరొయ్యలను వృద్ధిచేయు కేంద్రమొకటి నెలకొన్నను, మన అవసరములో అధికభాగము ఇంకను దిగుమతులచేతనే తీరుచున్నది.

మేత మాట చూడుడు. సాగుఖర్చులో సగమునకు మించినది మేతయే. అందులో సోయాపిండి, గోధుమపిండి, చేపపొడి కలియును. ఆ మేతను తయారుచేయు విద్యలో, యంత్రములలో, పెట్టుబడిలో థాయిలాండు కంపెనీల పాత్ర విశేషముగా నున్నది. మేత పడినది మొదలు పట్టుబడివరకు నీటిలో ప్రాణవాయువు తగ్గకుండ రాత్రింబవళ్లు ఏరేటర్లు తిరుగుచుండవలెను. పట్టుబడియైన గంటలోపల ఐసు పడవలెను. ఆ వెనుక లారీ, ప్రాసెసింగు ప్లాంటు, అందు తలలు తీసి ఒలుచు స్త్రీలు, ఆ వెనుక శీతల కంటైనరు, ఓడ. ఇట్లు, అమెరికాలో ఒక భోజనశాలయందు పళ్లెమున పడిన రొయ్యకు తల్లి అమెరికాదే యగుటయు, దానిని పెంచినవాడు భీమవరము ప్రాంతపు రైతగుటయు, దాని మేతవిద్య థాయిలాండునుండి వచ్చినదగుటయు చూచినప్పుడు, ఇది ఒక దేశపు సరకు, ఇది వేరొక దేశపు సరకు అని గీత గీయుట ఎంత కష్టమో తెలియును. సుంకముల చట్టములు మాత్రము ఆ గీత సులభముగా గీయవచ్చునను భావముపైననే నిలిచియున్నవి.

ఈ బంధము మనకు మేలుచేసిన కాలమును కూడ చెప్పనిచో అన్యాయమగును. 2013వ సంవత్సరమున రెండు దూరదేశపు సంఘటనలు ఒక్కసారిగా మన చెరువులపై ప్రసరించినవి. థాయిలాండులో రొయ్యపిల్లలు చెరువున పడిన కొద్దిదినములకే మరణించు వింతరోగము వ్యాపించి, ఆనాటివరకు అమెరికా విపణిలో అగ్రస్థానమున నుండిన ఆ దేశపు ఉత్పత్తి కూలిపోయినది. ఆ ఖాళీని నింపినవారు ప్రధానముగా మన తెలుగు రైతులే. రెండవ సంఘటన వాషింగ్టనులో జరిగినది. మే 22న అమెరికా కేంద్రబ్యాంకు అధ్యక్షుడు బెన్ బెర్నాంకీ తమ శాసనసభా సంఘము ఎదుట మాటలాడుచు, తాము నెలనెల చేయుచున్న ఋణపత్రముల కొనుగోలును రానున్న సమావేశములలో తగ్గింపవచ్చునని సూచించెను. అది నిర్ణయము కాదు, సూచనమాత్రము. దానిచేత ఎదుగుచున్న దేశములనుండి విదేశధనము వెనుకకు మరలుట మొదలిడినది. ఇండోనేషియా, బ్రెజిలు, టర్కీ, దక్షిణాఫ్రికాలతోపాటు మన దేశమును తల్లడిల్లినది. మేనెలలో డాలరుకు 55 ప్రాంతమున నుండిన రూపాయి ఆగస్టు 28 నాటికి 68ని దాటి దిగజారినది. ఆనాడు రిజర్వుబ్యాంకు గవర్నరుగా నుండి ఆ గాలివానను ఎదుర్కొన్నవాడు మన తెలుగువాడైన దువ్వూరి సుబ్బారావుగారే. పెట్రోలు కొనువానికిని, విదేశీఋణము తీర్చువానికిని అది కష్టకాలము. డాలర్లలో ధర పలుకు రొయ్యకు మాత్రము అది గొప్ప ఋతువు. పశ్చిమగోదావరి పల్లెలలో ఆ రెండు మూడేండ్లలో లేచిన మేడలకు కారణము రైతు శ్రమ యెంతయో, థాయిలాండు రోగమును, వాషింగ్టను సూచనయు నంతయే.

ఆ సంవత్సరమును గూర్చి మరియొక మాట. విదేశధనము మన బజారులలోనికి వచ్చుటకు సంవత్సరములు పట్టినను, మరలిపోవుటకు దినములు చాలినవి. అట్లు మరలిపోగలుగుటయే ఆ ధనపు బలము. దానిని నమ్ముకొని కట్టిన కర్మాగారము, వేసిన రోడ్డు, త్రవ్విన చెరువు ఎక్కడికిని కదలలేవు. కదలగలిగినదానికిని, కదలలేనిదానికిని మధ్య జరుగు బేరమున కదలలేనిదే ఎల్లప్పుడును ఎక్కువ ఇచ్చుకొనవలసివచ్చును. దీనిని మన చెరువులు 2025లో పూర్తిగా అనుభవించినవి.

ఆ సంవత్సరము ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు అనేక దేశముల సరకులపై ప్రతిసుంకములను ప్రకటించి, భారతదేశమునకు 26 శాతము నిర్ణయించెను. వారము తిరుగగనే దానిని మూడు మాసములపాటు నిలిపివేసెను. ఆగస్టు 7 నుండి 25 శాతము అమలునకు వచ్చినది. మనము రష్యానుండి చమురు కొనుచున్నామను కారణము చూపి ఆగస్టు 27 నుండి మరి 25 శాతము విధించిరి. సరకును అన్యాయపు చౌకధరకు అమ్ముచున్నారను ఆరోపణపై ఇదివరకే యున్న డంపింగు నిరోధక సుంకమును, ప్రభుత్వపు రాయితీలకు ప్రతిగా 2024 చివర విధించిన 5.77 శాతపు ప్రతిసబ్సిడీ సుంకమును కలుపుకొన్నచో మన రొయ్యపై భారము 58 శాతము ప్రాంతమునకు చేరినది. ఆనాడు ఈక్వడారు రొయ్యకు ఆ ప్రతిసుంకము 15 శాతము మాత్రమే యుండెను. ఇండోనేషియాకు 19, వియత్నామునకు 20. రొయ్యరైతునకు రష్యాచమురుతో ఏమి సంబంధమని అడుగువారికి, పరస్పరాశ్రయమనగా ఇదియేనని చెప్పవలసియున్నది. మన దేశము చేయు ప్రతి వ్యవహారమును, అతడు ఎరుగకుండగనే, అతని తూకముపై వచ్చి నిలుచుచున్నది.

ఇచట శ్రోతలు ఒక్క విషయమును శ్రద్ధగా గమనింప గోరుచున్నాను. ఏప్రిల్ 2న జరిగినది ప్రకటన మాత్రమే. 26 శాతపు సుంకమునకు అప్పటికి ఒక్క కంటైనరైనను గురికాలేదు. అయినను కొద్దిదినములలోనే చెరువుగట్టున కౌంటును, అనగా కిలోకు తూగు రొయ్యల సంఖ్యను, అనుసరించి పలుకు ధరలు పడిపోయినవి. సుంకము మూడు మాసములు వాయిదాపడినదని తెలిసిన పిదపను అవి పడినంత వేగముగా లేవలేదు. ఏల ఇట్లు జరిగినది? అమెరికా వర్తకుని గిడ్డంగిలో గడ్డకట్టిన రొయ్య సంవత్సరమునకు పైగా చెడక నిలుచును; అతడు ఒక నెల కొనక మానినను అతని వ్యాపారము ఆగదు; ఈలోగా ఈక్వడారువానిని అడుగవచ్చును, ఇండోనేషియావానిని అడుగవచ్చును. ఎగుమతిదారునకు ఆ వెసులుబాటు తక్కువ. సుంకముతో సహా సరకును వారి గుమ్మమున చేర్చు ఒప్పందముపై పెక్కుమంది అమ్ముచుందురు గనుక, ఓడ సముద్రముమీద నుండగా సుంకము పెరిగినచో ఆ నష్టము వారిదే. చెరువుగట్టున నిలిచిన రైతునకు ఆపాటి వెసులుబాటును లేదు. మూడునాలుగు నెలలు పెరిగి కౌంటుకు వచ్చిన రొయ్యను పట్టక నిలిపినచో దినదినమును మేత కావలెను, ఏరేటర్లు తిరుగవలెను, కరెంటు బిల్లు పెరుగవలెను. అన్నిటికంటె మించి, ఏ రాత్రి ఏ రోగము సోకునో తెలియదు. మేత అప్పుగా ఇచ్చిన వర్తకుడు పట్టుబడి యెప్పుడని అడుగుచుండును. కౌలు గడువు దగ్గరపడుచుండును. కావున వాషింగ్టనులో మాట పుట్టినంతనే దాని భారము మెట్లు దిగుచు వచ్చి, ఎవడు వేచియుండలేడో వానిపై, సుంకము అమలునకు రాకమునుపే, పూర్తిగా వాలినది.

రైతునకు వేచియుండుటకు మిగిలిన మార్గము ఒక్కటే: చెరువున రొయ్యపిల్లను వేయకపోవుట. 2025లో గోదావరి జిల్లాల ఆక్వారైతులు పంటవిరామపు మాట యెత్తుట ఈ కారణముచేతనే. 2011లో కోనసీమ వరిరైతులు అదే మార్గమును అవలంబించిరని శ్రోతలలో చాలమందికి జ్ఞాపకముండును. పని మానుకొనుటయే బేరమాడుటకు మిగిలిన ఒకేయొక ఆయుధమైన మనుష్యుని, అంతర్జాతీయ వాణిజ్యమున సమభాగస్వామి యని పిలుచుట సత్యదూరమని నా దృఢాభిప్రాయము.

ఆవలి తీరమున వేచియుండలేనివారు లేరని నేననుట లేదు. లూసియానా, టెక్సాసు, మిసిసిపీ, అలబామా, ఫ్లోరిడా తీరములలో తరతరములుగా పడవలపై పోయి రొయ్యలు పట్టుకొని బ్రతుకు కుటుంబములు కలవు. వారిలో 1975 తరువాత యుద్ధపీడితులై వియత్నాము విడిచి వచ్చి, వల తప్ప వేరు ఆధారము లేక ఆ తీరమున స్థిరపడినవారు అనేకులు. డీజిలు ధర పెరుగుచుండగా, చెరువులలో పెంచిన దిగుమతి రొయ్య చౌకగా వచ్చి పడి, రేవున వారి రొయ్యకు ధర దొరకకుండ చేసినది. వారి దుఃఖము అబద్ధము కాదు. 2003 చివర వారి సంఘము వేసిన అర్జీపైననే అమెరికా ప్రభుత్వము విచారణ జరిపి, 2005 ఫిబ్రవరిలో భారతదేశముతోబాటు చైనా, వియత్నాము, థాయిలాండు, బ్రెజిలు, ఈక్వడారుల రొయ్యపై డంపింగు నిరోధక సుంకము విధించినది. ఆనాడు మన రొయ్యపై నిర్ణయించిన సామాన్యపు రేటు 10.17 శాతము. అట్లు వసూలైన సుంకమును అర్జీదారులకే పంచియిచ్చు చట్టమొకటి ఆనాడు వారి దేశమున నుండెను. ప్రపంచ వాణిజ్యసంస్థ ఆ చట్టము నిబంధనలకు విరుద్ధమని తేల్చగా, వారు దానిని రద్దుచేసికొనిరి. సుంకముపైగా దిగుమతిదారులనుండి అడిగిన అధిక హామీపత్రములపై మన దేశము అదే సంస్థయందు వ్యాజ్యము వేసి 2008లో గెలిచినది. అంతకుముందు 1998లో, తాబేళ్లను తప్పించు సాధనము లేని వలలతో పట్టిన రొయ్యను అమెరికా నిషేధించిన వివాదమునందును, ఆ నిషేధము అమలైన తీరు పక్షపాతముతో కూడినదని తీర్పు మనకును, తోడి ఆసియాదేశములకును అనుకూలముగనే వచ్చినది. ఈ విషయములను నేను ఇంత వివరముగా చెప్పుటకు కారణము కలదు. బలహీనుడు వేచియుండుటకు నియమము తోడ్పడును. న్యాయస్థానము ఉన్నంతకాలము, ఆలస్యముగానైనను అడుగుటకు ఒక చోటు ఉండెను. 2019 డిసెంబరు నుండి ప్రపంచ వాణిజ్యసంస్థయొక్క పునర్విచారణ పీఠము సభ్యులు లేక మూతపడియున్నది. అమెరికా క్రొత్త సభ్యుల నియామకమునకు సమ్మతింపకపోవుటయే దానికి హేతువు. 2025లో రొయ్యరైతునకు కలిగిన నష్టములో, సుంకము శాతము పెద్దదా, తీర్పుచెప్పు పీఠము లేకపోవుట పెద్దదా అని నన్నడిగినచో, రెండవదే పెద్దదని చెప్పుదును.

మన తెలుగు తీరమునకు ఇట్టి అనుభవము క్రొత్త కాదు. నేటి రొయ్యల చెరువులకు కూతవేటు దూరముననే మచిలీపట్నము కలదు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అచట వర్తకస్థానమును నెలకొల్పిరి. ఆ ప్రాంతపు అద్దకపు వస్త్రములు పదునేడవ శతాబ్ది చివరకు లండను నగరమున ధనికుల గృహములనుండి పనికత్తెల దుస్తులవరకు వ్యాపించినవి. అచటి పట్టు, ఉన్ని నేతగాండ్రు తమ మగ్గములు నిలిచిపోవుచున్నవని మొరపెట్టిరి. 1719లో వీధులలో పడి, అద్దకపు గౌనులు ధరించిన స్త్రీలపై దౌర్జన్యము చేసిరి. పార్లమెంటు 1700లో ఒక శాసనమును, 1721లో మరింత కఠినమైన శాసనమును చేసి మన అద్దకపు గుడ్డను అచటివారు ధరింపకుండ నిషేధించినది. నేతవిద్యలో, అద్దకపు విద్యలో ఆనాడు ముందంజలో నుండినది మన దేశము. విద్య నేర్చుకొనవలసినది వారు. అయినను బేరము వారి చేతిలోనే ఉండెను. ఏలయన, మన సాలెవాడు వర్తకుడిచ్చిన ముందస్తు సొమ్ముతో నూలు కొని నేయువాడు. గుడ్డ మగ్గము దిగినంతనే అది అప్పిచ్చినవానికి చేరవలసినదే. ఓడలును, గిడ్డంగులును, మూలధనమును కంపెనీ చేతిలో నుండెను. అప్పుపై నేసిన సాలెవాని స్థితికిని, అప్పుపై మేత తెచ్చి రొయ్య పెంచువాని స్థితికిని నడుమ మూడువందల యేండ్లు గడచినను, ఆ లంకెలో మార్పు స్వల్పమే.

ఈ లంకెను శాస్త్రదృష్టితో మొదట స్పష్టముగా వివరించినవారిలో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ ఒకడు. జర్మనీలో పుట్టి, నాజీల పాలననుండి తప్పించుకొని, తుదకు అమెరికా చేరిన ఆ అర్థశాస్త్రజ్ఞుడు, 1930వ దశకమున జర్మనీ తన పొరుగున నున్న ఆగ్నేయ ఐరోపాలోని చిన్నదేశములతో నడపిన వర్తకమును పరిశీలించి 1945లో ఒక గ్రంథము ప్రకటించెను. వర్తకమువలన ఇరువురికి లాభము కలుగుననునది నిజమే యైనను, ఆ వర్తకము తెగిపోయినప్పుడు ఎవరికి ఎక్కువ కష్టమో వారిపై రెండవవానికి అధికారము లభించునని అతడు చూపినాడు. చిన్నదేశపు ఎగుమతులలో సగము ఒకే పెద్దదేశమునకు పోవుచుండగా, ఆ పెద్దదేశపు దిగుమతులలో అది ఏ మూలకును రాని భాగమైనప్పుడు, మైత్రి పేరున జరుగుచున్నది సగము ఆజ్ఞయే. మన దేశము చిన్నది కాదు. కాని రొయ్యను ఒక్కదానిని విడదీసి చూచినచో, ఒకే దేశమునకు ఐదింట రెండువంతుల సరకును పంపుచున్న మన రైతు, హిర్ష్‌మన్ వర్ణించిన ఆ చిన్నదేశపు స్థితిలోనే నిలిచియున్నాడు.

దీనిని విని, పరదేశపు సంతను విడిచి మన ఇంటనే ఉండుట మేలని ఎవరైనను తలచినచో, వారితో నేను ఏకీభవింపను. ఆ సంత మనకు డబ్బుతోపాటు శుచిని నేర్పినది. క్లోరాంఫెనికాలు, నైట్రోఫ్యూరాను వంటి మందులు చెరువులో పడుట ఎంత ప్రమాదమో మనము గుర్తించుటకు, ఐరోపావారు 2016 నుండి మన రొయ్య సరకులలో సగమును పరీక్షించి చూచుట ఎంతో తోడ్పడినది. ఆనాడు దానిని బాధగా భావించితిమి. కాని ఆ మందుల మిగులు లేని రొయ్యను తినుట మన పిల్లలకును అవసరమే కదా! ఒలుపుడుశాలలలో చల్లని నీటిలో గంటలకొలది నిలిచి పనిచేయు స్త్రీల కూలిని గూర్చియు, వసతిని గూర్చియు అచటి కొనుగోలుదారులు నేడు అడుగుచున్నారు. అడుగువారి యుద్దేశములు ఎట్టివైనను, ఆ ప్రశ్న మనము ముందే అడుగవలసినది.

ఇక వేచియుండగల శక్తిని మన రైతునకు ఎట్లు కలుగజేయుదుము? మన దేశమున పండిన రొయ్యలో మనము తినునది అత్యల్పము. హైదరాబాదులోను, బెంగుళూరులోను, ఢిల్లీలోను శీతలవిక్రయశాలలు నిండుగా ఏర్పడి, రొయ్య మన వంటయింటికి సామాన్యముగా చేరినచో, అమెరికా వర్తకుడు ఒక నెల మౌనము వహించినను చెరువుగట్టు ధర నేలకు పడదు. చైనా ఇప్పటికే మన రెండవ పెద్ద కొనుగోలుదారు. 2025 జులై 24న బ్రిటనుతో సంతకమైన ఒప్పందమున మన రొయ్యపై సుంకము తొలగించుటకు అంగీకారము కుదిరినది. ఇట్టి సంతలు అమెరికాకు సాటివచ్చుటకు కాలము పట్టును. ఐదవవంతు సరకైనను అటు మరలినచో బేరముయొక్క స్వభావమే మారును. తల్లిరొయ్య విషయమున, చెన్నైలోని ఉప్పునీటి జలచర పరిశోధనసంస్థ మన సముద్రపు తెల్లరొయ్యను ఎంపికపద్ధతిచే అభివృద్ధిచేయుటకు పూనుకొన్నది. ఇది పదియేండ్ల పని. పంటకు పంటకు నడుమ ఫలితమును ఆశింపక, ప్రభుత్వములు మారినను నిధులు మారకుండ సాగింపవలసిన పని. హవాయిలో జరిగిన పరిశోధన కూడ అట్టి ఓర్పుతోనే ఫలించినది.

ఇవి పెద్ద పనులు. వీనికంటె ముందు జరుగవలసినది, అన్నిటికంటె తక్కువ ఖర్చుతో జరుగదగినది, మరియొకటి కలదు. నేడు రైతు పిల్లను వేయునాడు ధర ఎంతయో ఎరుగడు. పట్టుబడినాడు కొనువాడు చెప్పినదే ధర. వివిధ కౌంటులకు కనీసధరను పిల్లవేయుటకు ముందే వ్రాతపూర్వకముగా నిశ్చయించుకొని, పట్టుబడిని రెండు మూడు వారములు నిలుపుకొనుటకో, లేక పట్టిన సరకును శీతలగిడ్డంగిలో తన పేరున ఉంచుకొని రసీదుపై బ్యాంకునుండి అప్పు తెచ్చుకొనుటకో అవకాశము కల్పింపవలెను. ఎగుమతిదారునకు ఈ ఒప్పందమువలన వచ్చు నష్టభయమును బీమాపద్ధతిచే ఉభయులును, ప్రభుత్వమును పంచుకొనవచ్చును. ఇట్టి ఒప్పందములను నమోదుచేయుటకును, తగవులు తీర్చుటకును 2020 నాటి రాష్ట్రశాసనముచే ఏర్పడిన ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికారసంస్థ ఇదివరకే ఉన్నది. సుంకము తగ్గింపుమని వాషింగ్టనును అడుగుట కేంద్రప్రభుత్వపు పని, అది జరుగునప్పుడు జరుగును. ఈ పనికి ఆ దేశపు అనుమతి అక్కరలేదు. భీమవరములోను, నెల్లూరులోను, రానున్న పంటకు పిల్లను వేయుటకు ముందే దీనిని ఆరంభింపవచ్చును.